ఆ నోట్‌బుక్ అక్కది

మా అమ్మాయి కీబోర్డు క్లాసుకి వెళ్తోంది. పోయిన ఆదివారం ప్రాక్టీసు ఎగ్గొట్టడానికి సాకు వెతుక్కుంటూ, "అమ్మా, మొజార్ట్ ఐదేళ్లకే మ్యూజిక్ రాశాడట కదా, ఆయనకి ఎవరు నేర్పారు?" అని అడిగింది. "వాళ్ల నాన్న" అన్నాను ఠక్కున. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి పుస్తకాలు తిరగేస్తే నేను చెప్పింది సగం జవాబేనని తేలింది. మిగతా సగం మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

ఇప్పటి ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ అని ఒక ఊరు. అక్కడొక ఇంటి మూడో అంతస్తులో లియోపోల్డ్ మొజార్ట్ కుటుంబం అద్దెకుండేది. ఆయన ఆర్చిబిషప్ ఆస్థానంలో వయొలిన్ విద్వాంసుడు. వయొలిన్ నేర్చుకునేవాళ్ల కోసం ఆయన రాసిన పుస్తకం 1756లో అచ్చయింది. ఆ ఏడాదే జనవరి 27న కొడుకు వుల్ఫ్‌గాంగ్ పుట్టాడు. లియోపోల్డ్ భార్య ఆనా మరియాకి ఏడుగురు పిల్లలు పుడితే ఇద్దరే దక్కారు. ఒకరు ఈ పిల్లాడు. ఇంకొకరు వాడికంటే నాలుగున్నరేళ్లు పెద్దది, 1751లో పుట్టిన మరియా ఆనా. ఇంట్లో ముద్దుగా నానెర్ల్ అనేవారు.

నానెర్ల్‌కి ఎనిమిదో ఏడు నిండబోతుండగా, 1759లో, తండ్రి ఒక నోట్‌బుక్ తయారుచేశాడు. చిన్నచిన్న నాట్య సంగీత ముక్కలు, తేలికవి ముందు, కష్టమైనవి తర్వాత. మన సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు వరసలో రాసుకున్నట్టే. ఈ పుస్తకం ఫలానా అమ్మాయిదని మొదట్లోనే పేరు, సంవత్సరం రాసి పెట్టారు. అక్క పాఠం వాయిస్తుంటే మూడేళ్ల తమ్ముడు పక్కన చేరి, వినసొంపుగా కలిసే రెండు స్వరాలు వెతికి నొక్కి, అవి దొరికినప్పుడల్లా మురిసిపోయేవాడు. నాలుగో ఏడు వచ్చాక తండ్రి వాడికీ పాఠం మొదలుపెట్టాడు. కొత్త పుస్తకం కొనలేదు, అక్క నోట్‌బుక్కే. ఒక ముక్క చివర, ఐదో పుట్టినరోజుకి మూడు రోజుల ముందు, రాత్రి తొమ్మిదికీ తొమ్మిదిన్నరకీ మధ్య వీడిది నేర్చుకున్నాడని లియోపోల్డ్ రాసి పెట్టుకున్నాడు. పిల్లాడు సొంతంగా కట్టిన మొట్టమొదటి చిన్న రచనలు కూడా తండ్రి చేతిరాతతో ఆ నోట్‌బుక్‌లోకే ఎక్కాయి.

ఇద్దరూ బడికి వెళ్లలేదు. చదవడం, రాయడం, లెక్కలు అన్నీ తండ్రే నేర్పాడు. లెక్కలు నేర్చుకునే రోజుల్లో వుల్ఫ్‌గాంగ్ బల్లలు, కుర్చీలు, గోడలు, నేల అన్నీ సుద్దతో అంకెలతో నింపేసేవాడని ఆ ఇంటికి వచ్చిపోయే స్నేహితుడొకాయన రాశాడు. అవన్నీ ఎవరు తుడిచారో రాయలేదు. మనం ఊహించుకోగలం.

1763 జూన్‌లో నలుగురూ బయల్దేరి యూరప్ అంతా తిరిగారు. మ్యూనిక్, పారిస్, లండన్, హేగ్. తిరిగి ఇల్లు చేరింది 1766 నవంబరులో. గుర్రపు బళ్లలో, చంటి వయసు పిల్లలతో మూడున్నరేళ్లు! రాజుల ముందు అక్కాతమ్ముళ్లిద్దరూ వాయించారు. పన్నెండేళ్లకే నా కూతురు యూరప్‌లోని గొప్ప నిపుణుల్లో ఒకతె అని లియోపోల్డ్ ఒక ఉత్తరంలో పొంగిపోయాడు. లండన్‌లో ఆయన జబ్బుపడి ఇంట్లో సంగీతం చప్పుడు వినపడకూడదన్నప్పుడు, ఎనిమిదేళ్ల తమ్ముడు తన మొదటి సింఫనీ కట్టాడు. పక్కన కూర్చుని కాగితం మీద ఎత్తి రాసింది అక్క. హేగ్‌లో నానెర్ల్‌కి విషజ్వరం వచ్చి, ఇక బతకదని చివరి ప్రార్థనలు కూడా చేయించారు. ఆమె కోలుకుంటుండగా తమ్ముడు మంచం పట్టాడు. ఆ తల్లిని తలుచుకుంటే నా కడుపు తరుక్కుపోయింది.

1769 డిసెంబరులో మళ్లీ ప్రయాణం. ఈసారి ఇటలీకి. తండ్రీ కొడుకూ మాత్రమే వెళ్లారు. నానెర్ల్‌కి పద్దెనిమిదేళ్లు, తల్లితో ఇంట్లోనే ఉండిపోయింది. అప్పట్లో ఆస్థాన సంగీత దర్శకుడి ఉద్యోగం మగవాళ్లకే. కొడుకు చదువు మీద పెట్టిన ఖర్చు తిరిగొస్తుంది, కూతురి మీద పెట్టింది రాదు. ఆ లెక్క ఏ దేశపు తండ్రైనా వేయగలడు. తమ్ముడు బొలోన్యాలో పాద్రే మార్తీనీ అనే మహా పండితుడి దగ్గర పాఠాలు చెప్పించుకుంటుంటే, అక్క ఒక పాట కట్టి ఉత్తరంలో పంపింది. నువ్వింత బాగా రాయగలవా అని ఆశ్చర్యపోతూ తమ్ముడు 1770లో రోమ్ నుంచి జవాబిచ్చాడు. ఆ మెచ్చుకోలు ఉత్తరం మిగిలింది. ఆ పాట మిగల్లేదు. ఆమె రచన ఒక్కటీ మనకి దొరకలేదు.

ముప్పై మూడేళ్లకి, 1784లో, ఆమెకి పెళ్లయింది. ఇద్దరు భార్యలు పోయి, ఐదుగురు పిల్లలున్న అధికారి. ఊరు సాంక్ట్ గిల్గెన్. విచిత్రం ఏమిటంటే, తను కాపురానికి వెళ్లిన ఆ ఇంట్లోనే ఒకప్పుడు వాళ్లమ్మ పుట్టింది.

1791లో తమ్ముడు ముప్పై ఐదేళ్లకే పోయాడు. మరుసటి ఏడు ఒక జీవితచరిత్రకారుడి కోసం ప్రశ్నలు పంపితే, చిన్నప్పటి సంగతులన్నీ రాసి పంపింది నానెర్లే. మూడేళ్ల పిల్లాడు స్వరాలు వెతుక్కోవడం మనకి తెలిసింది ఆవిడ వల్లే. 1801లో భర్త పోయాక సాల్జ్‌బర్గ్ తిరిగొచ్చి, పిల్లలకి పియానో పాఠాలు చెప్పుకుంటూ 1829 వరకు బతికింది. ఆ నోట్‌బుక్ కొన్ని కాగితాలు చెదిరిపోయినా చాలావరకు అదే ఊళ్లోని మొజార్టియంలో భద్రంగా ఉంది.

ఇదంతా చదివాక అటకెక్కి నా సంగీతం నోట్‌బుక్ దింపాను. ఏడేళ్లు నేర్చుకున్నాను. అన్నయ్యని ఇంజనీరింగ్‌లో చేర్చిన ఏడు ఫీజులు కష్టమై నా క్లాసు మానిపించారు. వర్ణాల దగ్గర ఆగింది. నాన్నని తప్పు పట్టను, ఆయన లెక్క ఆయనది. కానీ "నీకు బాధగా ఉందా అమ్మా" అని ఆ రోజు ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మా అమ్మాయికి పూర్తి జవాబు చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి ఆవిడ రాసిన పాట ఎవరూ దాచలేదా?" అంది. లేదన్నాను. నా నోట్‌బుక్ లాక్కుని, "ఇది కీబోర్డు మీద వస్తుందా?" అని మొదటి గీతం వెతకడం మొదలుపెట్టింది. తప్పులు చాలానే పోయాయి. వంటింట్లోంచి నేను పాడి సరిదిద్దాను, పప్పు కొంచెం అడుగంటింది.

ఆ పేజీ కింద మా అమ్మాయి పేరు, తేదీ, టైము రాశాను, లియోపోల్డ్ లాగా. పక్కన నా పేరు కూడా రాసుకున్నాను. మీ అటక మీదా ఇలాంటి నోట్‌బుక్ ఏదైనా ఉంటే ఒకసారి దింపి చూడండి.