భిలాయ్ శీతకాలం: చలి రాకను ముందే పసిగట్టడం ఎలా?

భిలాయ్: ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయ్‌లో మంచు కురవదు. ఇక్కడి శీతకాలపు ప్రతికూల వాతావరణం అంటే అకాల వర్షం, అప్పుడప్పుడు వడగండ్లు, వాటి వెనుకనే వచ్చే చలిగాలులు. వాతావరణాన్ని ఆసక్తితో గమనించేవారు నవంబరు నుంచే ఉపగ్రహ చిత్రాలను, కనిష్ఠ ఉష్ణోగ్రతలను పరిశీలిస్తూ వాటి రాక కోసం ఎదురుచూస్తారు. కల్లంలో ధాన్యం ఉన్న రైతుకు, ఆరుబయట రాత్రి గడిపే కూలీకి కూడా ఆ సమాచారం అత్యవసరం. ఈ నేపథ్యంలో చలి రాకను సూచించే గుర్తులు, వాటి వెనుక ఉన్న కారణాలపై వివరణ.

నగరం, నైసర్గిక స్థితి

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు భిలాయ్ ఉక్కు కర్మాగారం నిర్మితమైంది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ గణనీయంగా ఉన్నాయి. దుర్గ్ జిల్లాలోని ఈ నగరం సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున, తూర్పు తీరానికి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో ఉంది. రాత్రి చలిని తగ్గించే సముద్ర ప్రభావం ఇంత లోపలికి అందదు. అందువల్ల విశాఖపట్నం నుంచి వచ్చినవారికి ఇక్కడి డిసెంబరు రాత్రులు కొత్తగా తోస్తాయి.

పడమటి నుంచి వచ్చే అలజడి

మధ్యధరా సముద్ర పరిసరాల్లో పుట్టే అల్పపీడన వ్యవస్థలు ఎత్తైన పొరల్లోని పడమటి గాలులతో పాటు ఇరాన్, అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్‌ల మీదుగా భారత్‌కు చేరుతాయి. వీటిని పశ్చిమ అలజడులు అని వ్యవహరిస్తారు. ఇవి హిమాలయాల్లో మంచును, వాయవ్య మైదానాల్లో వర్షాన్ని కురిపిస్తాయి. అలజడి తూర్పుకు కదలిపోయాక, దాని వెనుక వాయవ్య దిశ నుంచి పొడి, చల్లని గాలి మధ్య భారతంలోకి ప్రవేశిస్తుంది. భిలాయ్‌కి చలి చేరేది ప్రధానంగా ఈ దారిలోనే.

ఇక్కడే సాధారణంగా ఒక పొరపాటు జరుగుతుంది. మబ్బు పట్టగానే చలి పెరుగుతుందని పలువురు భావిస్తారు. మబ్బు పట్టిన పగలు చల్లగా ఉండే మాట నిజమే. రాత్రి సంగతి వేరు. నేల నుంచి వెలువడే వేడిని మేఘాలు గ్రహించి తిరిగి కిందికి పంపుతాయి కనుక కనిష్ఠ ఉష్ణోగ్రత అంతగా పడిపోదు. మబ్బు విడిపోయి, ఆకాశం తేటపడి, గాలి వాయవ్యానికి మళ్లిన తరువాతి రాత్రులే అసలైన చలి రాత్రులు. వాన ఆగగానే దుప్పట్లు సర్దేయడం తొందరపాటే అవుతుంది.

తూర్పు నుంచి వచ్చే తేమ

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలం. తీరం దాటాక ఇవి బలహీనపడినా తేమను లోతట్టు ప్రాంతాలకు మోసుకువస్తాయి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ అవశేషం ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరానికి సాగింది. హిమాలయాలకు చేరిన ఆ తేమ నేపాల్‌లో ప్రాణాంతకమైన మంచు తుపానుకు కారణమైంది. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ ప్రభావంతోనూ ఛత్తీస్‌గఢ్‌లో వర్షాలు కురిశాయి.

తూర్పు గాలి వీస్తున్నంతకాలం భిలాయ్‌లో రాత్రి చలి తగ్గి ఉంటుంది. ఆ తేమ గాలి, పడమటి నుంచి వచ్చే పొడిగాలి మధ్య భారతంపై కలిసినప్పుడు ఉరుములతో కూడిన వర్షం, ఒక్కోసారి వడగండ్లు పడతాయి. కనుక చలిని అంచనా వేయదలచినవారు కశ్మీర్‌లోని మంచుతో పాటు బంగాళాఖాతంలోని అల్పపీడనాన్ని కూడా గమనించాలి.

ఎంత చలిని చలిగాలులు అంటారు?

భారత వాతావరణ శాఖ (ఐఎండీ) ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువగా ఉండాలి. దానితో పాటు సాధారణం కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీల వరకు తగ్గితే చలిగాలులుగా, 6.4 డిగ్రీలకు మించి తగ్గితే తీవ్ర చలిగాలులుగా పరిగణిస్తారు. సాధారణంతో నిమిత్తం లేకుండా 4 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ నమోదైనా చలిగాలులే. 2 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువైతే తీవ్రమైనవి.

ఉదాహరణకు ఒక చోట సాధారణ కనిష్ఠం 13 డిగ్రీలు అనుకుంటే, 8.5 డిగ్రీలకు దిగినప్పుడు చలిగాలుల ప్రమాణం నెరవేరుతుంది. 9 డిగ్రీల రాత్రి వణికించినా సాంకేతికంగా ఆ జాబితాలో చేరదు.

ఇంటివద్ద పరిశీలన

ఉష్ణమాపకాన్ని గోడకు తగిలిస్తే పగలు పీల్చుకున్న వేడి కారణంగా రీడింగు ఎక్కువగా కనిపిస్తుంది. నేల నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తున, ఎండ తగలకుండా, గాలి ఆడే చోట దానిని ఉంచాలి. ఐఎండీ కేంద్రాల్లో 24 గంటల లెక్క ఉదయం 8.30తో ముగుస్తుంది కాబట్టి అదే సమయానికి నమోదు చేస్తే పోల్చి చూడటం సులభం. గాలి దిశ, మబ్బు, మంచుబిందువులను రోజూ రాసుకుంటే రెండు మూడు శీతకాలాల్లో స్థానిక సరళి బోధపడుతుంది.

పొగ కూడా ఒక సూచికే. నిశ్చలమైన, తేటైన రాత్రుల్లో నేలకు ఆనుకున్న గాలి పై పొర కంటే చల్లబడుతుంది. దీనిని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. అప్పుడు పొగ పైకి లేవక అడ్డంగా పరుచుకుంటుంది. పారిశ్రామిక నగరంలో చలి ఉదయాల గాలి నాణ్యతను ఇది దెబ్బతీస్తుంది.

ఎవరు జాగ్రత్త పడాలి?

ఛత్తీస్‌గఢ్‌లో వరి కోతలు, ధాన్యం కొనుగోళ్లు సాగేది ఈ నెలల్లోనే. కల్లాల్లో, కొనుగోలు కేంద్రాల్లో ఆరుబయట ఉన్న ధాన్యం తడిస్తే రంగు మారి, మొలకెత్తి ధర కోల్పోతుంది. నీటి వసతి లేని శనగ చేలకు అదే జల్లు మేలు చేయవచ్చు. కాబట్టి ఒకే హెచ్చరికను ఇద్దరు రైతులు రెండు విధాలుగా చదువుకోవలసి ఉంటుంది.

చలి ముదిరినప్పుడు వృద్ధులు, పసిపిల్లలు, శ్వాసకోశ, హృద్రోగ బాధితులు, రాత్రి పాళీ కార్మికులు ఎక్కువ ముప్పును ఎదుర్కొంటారు. స్థానికులు ‘గోర్సీ’ అని పిలిచే మట్టి కుంపటిని గానీ, బొగ్గుల పొయ్యిని గానీ మూసిన గదిలో ఉంచుకుని నిద్రించరాదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఐఎండీ హెచ్చరికల్లో ఆకుపచ్చ రంగుకు చర్య అవసరం లేదని, పసుపుకు పరిస్థితిని గమనిస్తూ ఉండాలని, నారింజకు సిద్ధంగా ఉండాలని, ఎరుపుకు తక్షణం చర్య తీసుకోవాలని అర్థం. జిల్లాలవారీ వివరాలు రాయ్‌పూర్ వాతావరణ కేంద్రం నుంచి, 2020లో ప్రారంభమైన ‘మౌసమ్’ యాప్‌లో లభిస్తాయి.