కీలెరిగి వాత

కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. పశువుకు నొప్పి ఏ కీలులో ఉన్నదో తెలియనివాడు కమ్మిని ఎంత ఎర్రగా కాల్చినా ప్రయోజనం లేదు. ఈ సామెత యంత్రాలకు కూడా ఎంత చక్కగా అన్వయిస్తుందో ముందు చక్రాల బలంతో నడిచే కార్ల చరిత్ర చదివితే బోధపడుతుంది. పాత మారుతీ 800ను, జెన్‌ను ర్యాలీకి సిద్ధం చేయాలని ఉబలాటపడే యువకులు మా కర్నూలు, కడప సీమల్లోనూ ఉన్నారు. వారి మొదటి ప్రశ్న సాధారణంగా ఒకటే: యాక్సిల్ ఎంత లావుది వేయించాలి? లావుకంటే ముందు ఆలోచించవలసినవి వేరే ఉన్నాయని చెప్పడానికే ఈ వ్యాసం.

ఎద్దుల బండి ఇరుసుకు ఈ చిక్కు లేదు. లాగే భారం ఎద్దులది. చక్రం ఇరుసును ఆధారం చేసుకొని తిరుగుతుంది, అంతే. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో బలం వెనుక చక్రాలకు పోతుంది, మళ్ళే పని ముందు చక్రాలు చేస్తాయి. రెండు పనులూ ముందు చక్రాలకే అప్పగించినప్పుడు అసలు సంకటం మొదలైంది. పక్కకు తిరిగి, గుంతలో దిగి, రాయెక్కి ఎగిరే చక్రానికి బలాన్ని తెగకుండా అందించాలి. అందుకు వంగుతూనే తిరిగే కీలు కావాలి.

అటువంటి కీలు పూర్వమే లేకపోలేదు. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరుతోనూ, 17వ శతాబ్దపు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేరుతోనూ పిలిచే శిలువ కీలు అదే. దానికొక అవలక్షణం ఉంది. వంగినప్పుడు ఇటు కడ్డీ సమవేగంతో తిరుగుతున్నా, అటు కడ్డీ ఒక్కొక్క చుట్టులో రెండుసార్లు వెనుకబడి రెండుసార్లు ముందుకు దూకుతుంది. వంపు 30 డిగ్రీలైతే ఆ వెనుకబాటు సుమారు 13 శాతం, ఆ దూకుడు సుమారు 15 శాతం. పద్యంలో ప్రతి పాదానికీ రెండుచోట్ల గణం తప్పినట్లు! మళ్ళేటప్పుడు ఆ కుదుపు స్టీరింగు దాకా వస్తుంది.

దీనికి పరిష్కారం 1926 ప్రాంతంలో రెండు దేశాల్లో దొరికింది. ఫ్రాన్సులో జాన్ ఆల్బేర్ గ్రెగ్వార్, పియేర్ ఫెనాయ్ కలిసి 'ట్రాక్టా' కీలును తయారుచేశారు. అమెరికాలో ఫోర్డు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ ర్జెప్పా ఆరు ఉక్కు గుండ్ల కీలును రూపొందించాడు. బడిలో జీవశాస్త్రం ఉపాధ్యాయులు చెప్పే బంతి గిన్నె కీలు గుర్తున్నదా? దాదాపు అదే ఆకారం. గిన్నె లోపల గాడి, బంతి మీద గాడి, రెండింటి నడుమ గుండు. ఈ గుండ్లను ఒక పంజరం పట్టి ఉంచుతుంది. కీలు ఎంత వంగితే గుండ్ల తలం అందులో సరిగ్గా సగం వంగుతుంది. రెండు కడ్డీలకూ సమదూరంలో మధ్యవర్తి నిలిచినందువల్ల వేగంలో పక్షపాతం ఉండదు. ఈ ఉపాయం నాకు ఏ చమత్కార శ్లోకానికీ తీసిపోనిదిగా తోస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధపు జీపుల ముందు చక్రాలలో ఈ రెండు రకాల కీళ్ళూ పనిచేశాయి.

1959లో వచ్చిన బ్రిటిష్ మినీ కారు ర్జెప్పా తరహా కీలును సామాన్యుని ఇంటికి తెచ్చింది. అయితే అది బయటి చివర మాత్రమే. గేరుపెట్టె వైపున్న లోపలి చివర రబ్బరు కప్లింగులు పెట్టారు. నగర వీధులకు అవి చాలు. ఇంజను బలం పెంచి ర్యాలీలకు దింపేసరికి ఆ రబ్బరు నూనెకు నాని, మెలికకు చిరిగి ఓడిపోయింది. పోటీ కార్లలో దాని స్థానంలో సూది బేరింగుల ఉక్కు కీళ్ళు వేశారు. 1964, 1965, 1967 సంవత్సరాల్లో మాంటీ కార్లో ర్యాలీ గెలిచినవి మినీ కార్లే. అంతకుముందు 1962, 1963లలో అదే ర్యాలీని స్వీడన్ వాడు ఎరిక్ కార్ల్‌సన్ గెలిచిన సాబ్ కూడా ముందు చక్రాలదే. 1968లో లండన్ నుండి సిడ్నీకి జరిగిన మారథాన్ ఢిల్లీ నుండి బొంబాయి దాకా మన దేశం గుండా సాగింది. అందులో రెండవ స్థానం పొందిన ఆస్టిన్ 1800 కూడా ఈ జాతిదే.

మన దేశంలో ఈ కీలు ఇంటింటి మాట అయింది మారుతీ 800తో. మొదటి కారు తాళాలు 1983 డిసెంబరు 14న చేతులు మారాయి. 2014 దాకా ఆ కారు తయారైంది. 796 సి.సి. ఇంజను, 12 అంగుళాల చిన్న చక్రాలు. ఆ బలానికి సరిపోయే కీలునే కంపెనీ పెట్టింది. ఇప్పుడు దానిని ర్యాలీకి దించితే వాత ఎక్కడ పెట్టాలి?

మొదట వంపు మీద. కీలు వంగినకొద్దీ దాని సత్తువ తగ్గుతుంది. కారు ఎగిరినప్పుడు చక్రం మరీ కిందికి వేలాడకుండా సస్పెన్షనుకు పట్టీలు కట్టడం ర్యాలీవారి పాత అలవాటు. స్టీరింగు పూర్తిగా తిప్పి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కడం, గాలిలో వేగంగా తిరుగుతున్న చక్రాన్ని అట్లే నేలకు దించడం, ఇవి రెండూ కీళ్ళకు యమపాశాలు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేసిన కారులో ఒక చక్రం నేల విడిస్తే బలమంతా రెండవ వైపు కీలు మీదనే పడుతుంది. ఆ హంగు కోరేవారు కీలును ముందే బలపరచుకోవాలి.

తరువాత కడ్డీ. దాని చివర పళ్ళు కోసిన చోట బలహీనత ఉంటుంది. నడుమును మాత్రం లావు చేస్తే మెలిక అంతా ఆ పళ్ళ మొదట్లోనే చేరి అక్కడే తెగుతుంది. అందుకే మంచి ర్యాలీ కడ్డీల నడుము పళ్ళ లోతును మించకుండా చెక్కుతారు. నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కును తగిన పదునులో కాచి చేసిన ఆ సన్నని నడుము స్ప్రింగులా కొంత మెలితిరిగి దెబ్బను మింగుతుంది. ఇంకొక సంగతి. కీలునూ కడ్డీనీ వజ్రకాయం చేస్తే ఆ దెబ్బ గేరుపెట్టెలోని పళ్ళకు చేరుతుంది. కడ్డీ మార్చడం ర్యాలీ మజిలీలో నిమిషాల పని. గేరుపెట్టె విరిగితే ఆనాటికి ఆట ముగిసినట్లే. అనుభవమున్నవారు తెగవలసినది ఏదో ముందే నిర్ణయించుకొని, గ్రీజు నింపి తొడుగు బిగించిన కడ్డీలను అదనంగా వెంట ఉంచుకుంటారు.

మా సీమలో అసలు శత్రువు దుమ్ము. బేతంచెర్ల నాపరాయి గనుల దారుల్లో తెల్లని పొడి, కోయిలకుంట్ల, జమ్మలమడుగు రేగళ్ళలో నల్లని ధూళి. కీలును కప్పే రబ్బరు బూటుకు చిన్న చీలిక పడితే చాలు, గ్రీజు బయటికి చిమ్ముతుంది, రాతిపొడి లోపలికి చేరి గుండ్లను సానరాయిలా అరగదీస్తుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన నల్లని గ్రీజు ఎంత మంచిదైనా ఇసుక చేరిన పిమ్మట ఆదుకోలేదు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్న మాట ఇక్కడా నిజమే: గువ్వలచెరువు కనుమ మలుపుల్లో టకటకమని వినిపించేది ఆ సంగీతమే. ఆముదమూ గడ్డి మసీ కలిపి ఇరుసుకు రాసిన మన బండివాడు ప్రయాణానికి ముందు కందెన చూసుకునేవాడు. ప్రతి మజిలీలో చక్రం వెనుకకు వంగి బూటు తడిమి చూసే ర్యాలీ మెకానిక్కూ అదే చేస్తున్నాడు.

పాత మెకానిక్కులు ఎరిగిన చిట్కా ఒకటున్నది. కారు ముందుకు పోయేటప్పుడు గుండ్లు గాడిలో ఒకే ప్రక్కను ఒరుసుకుంటాయి. శబ్దం అప్పుడే మొదలైన కీళ్ళను విప్పి, కడిగి, ఎడమదానిని కుడికి, కుడిదానిని ఎడమకు మార్చితే అరగని ప్రక్క పనిలోకి వస్తుంది. ఊరి ప్రయాణాలకు మరికొంత కాలం నడుస్తుంది. ర్యాలీకి మాత్రం అటువంటి కీలును పంపకూడదు, కొత్తదే వేయాలి.