జార్జ్ రామ్నీ

జార్జ్ రామ్నీ (1907–1995) కార్ల కంపెనీ అధిపతిగా పేరు తెచ్చుకుని, ఆపైన అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి 1963 నుంచి 1969 వరకు గవర్నరుగా పనిచేసిన రిపబ్లికన్ నాయకుడు. అక్కడి గవర్నరును ప్రజలే ఎన్నుకుంటారు. అధికారంలో మన ముఖ్యమంత్రికి సాటి.

రామ్నీ మెక్సికోలో, మోర్మన్ మతశాఖకు చెందిన అమెరికన్లు స్థిరపడిన ఊళ్లో పుట్టాడు. 1912లో అక్కడి విప్లవానికి బెదిరి కుటుంబం ఇల్లూ వాకిలీ వదిలి అమెరికా చేరింది. చదువు డిగ్రీ దాకా సాగలేదు. వాషింగ్టన్‌లో ఒక సెనెటర్ దగ్గర, తర్వాత అల్యూమినియం కంపెనీ తరఫున పనిచేసి, 1939లో కార్ల తయారీదారుల సంఘం ఉద్యోగిగా మిషిగన్‌లోని డెట్రాయిట్‌కు వచ్చాడు.

1954లో నాష్, హడ్సన్ కంపెనీలు కలిసి అమెరికన్ మోటార్స్ ఏర్పడింది. కొద్ది నెలలకే అధిపతి జార్జ్ మేసన్ చనిపోవడంతో, నష్టాల్లో ఉన్న కంపెనీ పగ్గాలు రామ్నీ చేతికొచ్చాయి. జనరల్ మోటార్స్, ఫోర్డ్ ఏటికేడు కార్ల పొడవు పెంచుతున్న రోజులవి. రామ్నీ అందుకు ఎదురు నడిచాడు. పాత పేర్లు రెండూ తీసేసి, ఉన్నదంతా రాంబ్లర్ అనే చిన్న కారు మీద పెట్టాడు. పోటీదారుల బళ్లను పెట్రోలు మింగే డైనోసార్లని వెక్కిరిస్తూ ఊరూరా తిరిగాడు. 1958 మాంద్యంలో కార్లు కొనేవాళ్లు తగ్గిపోయినా రాంబ్లర్ అమ్మకాలు పెరిగాయి. కంపెనీ లాభాల్లోకి వచ్చింది. 1961కల్లా రాంబ్లర్ దేశంలో అమ్మకాల్లో మూడో స్థానంలో ఉంది.

రాజకీయాల్లోకి అతను పార్టీ ద్వారా రాలేదు. ఖజానా ఖాళీ అయి మిషిగన్ ప్రభుత్వం చిక్కుల్లో పడ్డ 1959లో, పార్టీలతో నిమిత్తం లేని పౌరసంఘం పెట్టి రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం కావాలని ఉద్యమించాడు. అది రాసిన సభలో ముఖ్యపాత్ర వహించి, 1962లో డెమోక్రాట్ గవర్నర్ జాన్ స్వైన్సన్‌ను ఓడించాడు. డెమోక్రాట్ల పద్నాలుగేళ్ల ఏలుబడి దాంతో ముగిసింది. కొత్త రాజ్యాంగం 1963లో స్వల్ప ఆధిక్యంతో ప్రజామోదం పొందింది.

వ్యాపారి గద్దెనెక్కితే పన్నులు తగ్గుతాయనుకునేవాళ్లకు రామ్నీ పాలన మింగుడుపడని ఉదాహరణ. మిషిగన్‌కు మొట్టమొదటి ఆదాయపు పన్ను తెచ్చింది ఆయనే. 1963లో చేసిన ప్రయత్నాన్ని శాసనసభలో సొంత పార్టీవాళ్లు కూడా అడ్డుకున్నారు. పట్టు వదలక 1967లో నెగ్గించుకున్నాడు: వ్యక్తులకు 2.6 శాతం, కంపెనీలకు 5.6 శాతం.

నల్లజాతివారి హక్కుల విషయంలోనూ పార్టీకి ఎదురు నిలిచాడు. గవర్నరైన ఏడాదే, తెల్లవాళ్ల సంపన్న శివారు గ్రాస్ పాయింట్‌లో ఇళ్ల వివక్షకు వ్యతిరేకంగా సాగిన ఊరేగింపులో నడిచాడు. అదే వైఖరితో 1964లో పార్టీ అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్‌కు మద్దతివ్వనన్నాడు. ఆ ఎన్నికల్లో మిషిగన్‌లో గోల్డ్‌వాటర్ పది లక్షల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడగా, అదే బ్యాలెట్ మీద రామ్నీ గెలిచాడు. 1966లో మూడోసారీ గెలిచాడు. అయినా 1967 జులైలో డెట్రాయిట్ జాతి అల్లర్లతో భగ్గుమంది. 43 మంది చనిపోయారు. కేంద్ర సైన్యాన్ని పంపడంలో అధ్యక్షుడు జాన్సన్ కావాలనే జాప్యం చేశాడని రామ్నీ చివరిదాకా నమ్మాడు.

రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిత్వానికి ముందువరసలో ఉన్న మనిషిని ఒక్క మాట కిందకి లాగింది. 1965 వియత్నాం పర్యటనలో సైనికాధికారులు, దౌత్యాధికారులు తనను బ్రెయిన్‌వాష్ చేశారని 1967లో ఒక టీవీ ముఖాముఖిలో అన్నాడు. యుద్ధం గురించి ప్రభుత్వం నిజం చెప్పడం లేదన్న అసలు విషయం నవ్వుల్లో కొట్టుకుపోయింది. నోటికొచ్చింది దాచుకోకుండా చెప్పే తీరు రాంబ్లర్ అమ్మడానికి పనికొచ్చింది కానీ, విలేకరులు ప్రతి మాటనూ తూకం వేసే ఆ పోటీలో బెడిసికొట్టింది. 1968 ఫిబ్రవరిలో, పార్టీ అభ్యర్థిని ఎంచే తొలి ప్రైమరీ ఎన్నిక కూడా జరగకముందే తప్పుకున్నాడు.

1969లో గవర్నరు పదవి వదిలి అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వంలో గృహనిర్మాణ మంత్రి అయ్యాడు. తెల్లవాళ్ల శివారు ఊళ్లలో పేదలకూ నల్లవాళ్లకూ ఇళ్లు దొరికేలా చేయాలని, కేంద్ర నిధులు ఆపుతానని ఆ ఊళ్ల మీద ఒత్తిడి తెచ్చాడు. డెట్రాయిట్ పక్కనున్న వారెన్ పట్టణం తిరగబడింది. నిక్సన్ వెనక నిలబడలేదు. 1973 జనవరిలో రామ్నీ బయటికొచ్చి, స్వచ్ఛంద సేవకు అంకితమయ్యాడు.

అధ్యక్ష పోటీలో ఉన్నప్పుడు ఆయన పన్నెండేళ్ల ఆదాయపు పన్ను పత్రాలు బయటపెట్టాడు. మసాచుసెట్స్ గవర్నరుగా చేసిన కొడుకు మిట్ రామ్నీ 2012లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ రెండేళ్ల పత్రాలతో సరిపెట్టినప్పుడు, ప్రత్యర్థులు తండ్రి పన్నెండేళ్లనూ పదేపదే గుర్తుచేశారు.