అద్దాల దూరదర్శిని: అనంతసాగరం ప్రాంతంలో వాడకం, సంరక్షణ

కటకానికి బదులు గుంట అద్దంతో వెలుతురును పోగుచేసే సాధనం పరావర్తన దూరదర్శిని. ఐజాక్ న్యూటన్ 1668లో తయారుచేసిన నమూనాయే నేడు కొత్తవారు కొనే టెలిస్కోపుకు మూలం. గొట్టం అడుగున ప్రధాన అద్దం, మూతి దగ్గర 45 డిగ్రీల వాలుతో చిన్న చదును అద్దం, పక్కన కన్ను ఆనించే ఐపీస్ ఉంటాయి. న్యూటన్ అద్దం లోహంతో చేసింది కాబట్టి త్వరగా మసకబారేది. ఇప్పటివి గాజు మీద అల్యూమినియం పూత వేసినవి. ఇంట్లో ముఖం చూసుకునే అద్దానికి పూత గాజు వెనక ఉంటుంది, దీనికి ముందుంటుంది. వేలు తగిలితే తగిలేది పూతకే. సంరక్షణ జాగ్రత్తలు చాలావరకు ఇక్కడి నుంచే పుట్టాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో జపాల్-రంగాపూర్‌లో నెలకొల్పిన 48 అంగుళాల దూరదర్శినిలోనూ వెలుతురును పట్టేది అద్దమే.

మొదటి టెలిస్కోపుగా ఎక్కువమంది చేతికి వచ్చేది 114 మిల్లీమీటర్ల అద్దం, 900 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న రకం. చీకటిలో 7 మిల్లీమీటర్లు విచ్చుకున్న కంటిపాపతో పోలిస్తే ఈ అద్దం సుమారు 265 రెట్లు వెలుతురు పడుతుంది. నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే వృద్ధి తెలుస్తుంది: 25 మిల్లీమీటర్ల ఐపీస్‌తో 36 రెట్లు, 10 మిల్లీమీటర్లదానితో 90 రెట్లు. ఈ అద్దానికి 228 రెట్లు దాటితే కనిపించేది పెద్ద మసకే. పెట్టె మీద అచ్చువేసే 500, 600 రెట్ల అంకెలను నమ్మి కొనకూడదు. ఎప్పుడూ చిన్న వృద్ధితో మొదలుపెట్టాలి.

ఈ అక్షాంశంలో నిలబెట్టడం

నెల్లూరు జిల్లా పడమటి భాగంలో, సోమశిల జలాశయానికి దగ్గరగా ఉన్న అనంతసాగరం సుమారు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి ధ్రువ నక్షత్రం దిగంతానికి 14.5 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తుంది, చాలా పెరళ్లలో చెట్ల వెనక దాక్కుంటుంది. ధ్రువ నక్షత్రం వైపు అక్షాన్ని గురిపెట్టి తిప్పే ఈక్వటోరియల్ స్టాండును ఐరోపా, అమెరికా అక్షాంశాలను దృష్టిలో పెట్టుకుని చేస్తారు. దాన్ని ఇక్కడ అంత కిందికి వంచితే బరువు కడ్డీ వెళ్లి ముక్కాలిపీట కాలికి తగులుతుంది. ఉత్తర దిక్కు రెండు కాళ్ల మధ్యకు వచ్చేలా పీటను తిప్పితే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. అయినా మన ప్రాంతంలో మొదటిసారి కొనేవారికి డాబ్సన్ పీటే మేలు. అమెరికాలో జాన్ డాబ్సన్ ప్రచారంలోకి తెచ్చిన ఈ చెక్కపీట నేల మీద పక్కలకూ పైకీ తిరుగుతుంది, అంతే. ధ్రువ నక్షత్రంతో దానికి పని లేదు.

తక్కువ అక్షాంశానికి ప్రతిఫలం దక్షిణాకాశంలో ఉంది. ఫిబ్రవరి మొదట్లో రాత్రి తొమ్మిదికి అగస్త్య నక్షత్రం దాదాపు 23 డిగ్రీల ఎత్తులో నిలుస్తుంది. మే నెలాఖరున అదే వేళకు ఒమేగా సెంటారీ నక్షత్ర గుత్తి 28 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. 36 రెట్లలో అది పిండి జల్లినట్టు కనిపిస్తుంది, కన్ను చీకటికి అలవాటుపడ్డాక అంచుల్లో చుక్కలు విడివడతాయి. లండన్‌లో ఈ రెండూ ఎన్నడూ ఉదయించవు. అందుకే అక్కడివారు రాసిన మార్గదర్శకాలు పట్టుకుని చూస్తే మన సొత్తే మనకు తెలియకుండా పోతుంది. చందమామను పౌర్ణమినాడు కాక అష్టమినాడు చూడాలి. నీడ అంచున గుంటలు నిక్కచ్చిగా తేలతాయి.

సూర్యుడి వైపు టెలిస్కోపునుగానీ, గురి చూసుకోవడానికి దానికి బిగించే చిన్న దుర్బిని అయిన ఫైండర్‌నుగానీ ఎప్పుడూ తిప్పకూడదు. ఐపీస్‌కు బిగించే నల్లగాజు ఫిల్టర్ వేడికి పగలవచ్చు. దాన్ని నమ్ముకుంటే చూపు పోవచ్చు. పగటిపూట మూత వేసి ఉంచాలి, పిల్లలున్న ఇంట్లో మరీను.

అద్దాల పొందిక

ప్రయాణంలో కుదుపులకు అద్దాలు పక్కకు తప్పుతాయి. ఐపీస్ తీసి, నట్టనడుమ చిన్న రంధ్రం ఉన్న మూత పెట్టి లోపలికి చూడాలి. ముందు చిన్న అద్దం నిండుగా, మధ్యగా కనిపించేలా దాని మూడు స్క్రూలు సరిచేయాలి. తర్వాత గొట్టం అడుగున ఉన్న స్క్రూలను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రధాన అద్దం నడుమ అంటించిన గుర్తు మూత రంధ్రపు ప్రతిబింబంతో కలిసేలా చేయాలి. చివరి పరీక్ష నక్షత్రం: ఫోకస్ కొద్దిగా చెడగొడితే వలయాలు ఒకే కేంద్రం చుట్టూ గుండ్రంగా పడాలి. ఒక పక్కకు సాగాయంటే పని మిగిలే ఉంది. వేసవిలో గది నుంచి తెచ్చిన టెలిస్కోపును అరగంటైనా బయట ఉంచాలి. లేకపోతే వేడి అద్దం మీది గాలి కదిలి బొమ్మ అలలాడుతుంది.

తేమ, దుమ్ము

శీతకాలపు రాత్రుల్లో, ముఖ్యంగా జలాశయం పక్కన, మంచు ముందుగా పట్టేది ఫైండర్‌కూ ఐపీస్‌కూ, తర్వాత మూతి దగ్గరి చిన్న అద్దానికి. నల్లటి అట్టను గొట్టంలా చుట్టి మూతికి తొడిగితే కొంత ఆలస్యమవుతుంది. పట్టిన తేమను తుడవకూడదు. ఇంట్లోకి తెచ్చి, గొట్టాన్ని అడ్డంగా పెట్టి, మూతి కాస్త కిందికి ఉంచి, అద్దం తనంతట ఆరాకే మూత వేయాలి. తడితో మూస్తే బూజు పడుతుంది. లోపల సిలికాజెల్ పొట్లాలు ఉంచితే మంచిది.

పలచటి దుమ్ము బొమ్మను దాదాపు చెడగొట్టదు. తుడిస్తే పడే గీతలు మాత్రం పోవు. దుమ్మును రబ్బరు బల్బుతో ఊదాలి, నోటితో కాదు. మరీ మురికైతేనే అద్దాన్ని విప్పి, కుళాయి నీరు జల్లి, ఒక చుక్క తేలిక సబ్బు కలిపిన డిస్టిల్డ్ నీటిలో తడిపిన దూదిని దాని బరువుతోనే జార్చాలి, నొక్కకూడదు. చివరి కడుగు డిస్టిల్డ్ నీటితోనే. ఉప్పు నీటి బోరు అయితే ఈ మాట మరువకూడదు, ఆరిన మరక పూత మీదే మిగిలిపోతుంది. తరువాత అద్దాన్ని ఏటవాలుగా నిలబెట్టి, అంచున చేరిన చుక్కలను కాగితం కొసతో పీల్చుకోవాలి. ఏళ్ల తర్వాత పూత పలచబడితే గాజును పారేయనక్కర్లేదు. పాత పూత కరిగించి, శూన్యపు గదిలో కొత్తగా అల్యూమినియం ఎక్కించవచ్చు.