వీథిబడి యిసుకయు నేఁటి వికీయు: పరస్పరబోధన చరిత్రము

విద్యార్థులు కలసి వ్రాయుటకును, ఒకరి వ్రాఁతను మఱియొకరు దిద్దుటకును వీలైన సాధనములు నేఁడు అంతర్జాలమున వెలసి పాఠశాలలఁ బ్రవేశించుచున్నవి. క్రొత్తవి యని కొందఱు వీనిని మెచ్చుచున్నారు. క్రొత్తవి యనియే కొందఱు శంకించుచున్నారు. సాధనము క్రొత్తదే కాని, శిష్యునిచేత శిష్యునకు విద్య గఱపించు పద్ధతి మన వీథిబడులకుఁ జిరపరిచితము. ఆ పద్ధతి సముద్రము దాఁటిపోయినప్పుడు పరదేశీయులు దానియందు దేనిని గైకొనిరో, దేనిని విడిచిరో తెలిసికొన్నచో, నేఁటి సాధనములను విమర్శించుట కొక గీటుఱాయి లభించును.

1822వ సంవత్సరమున మద్రాసు గవర్నరగు తామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరములు పంపవలసినదిగాఁ గలెక్టర్ల నాజ్ఞాపించెను. బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో నివేదికను బంపెను. ఈతఁడు 1816లోఁ దెలుఁగు వ్యాకరణమును, 1821లో నిఘంటువును బ్రకటించిన పండితుఁడు. అతని లెక్క ప్రకారము ఆ జిల్లాలో 533 పాఠశాలలును 6,641 మంది విద్యార్థులును గలరు. అందు 226 తెలుఁగు బడులు, 235 కన్నడ బడులు. బాలికలు 60 మంది మాత్రమే. బాలురు నేలపై నిసుక పఱచి వ్రేలితో నక్షరములు దిద్దుటను, పైతరగతి వారు క్రింది తరగతి వారికిఁ జెప్పుటను కాంబెల్ మిక్కిలి శ్లాఘించి, ఇంగ్లండు దీని ననుకరించుట యుక్తమే యనెను. అయినను విద్యార్థులు పద్యములను వల్లించుచు వాని యర్థ మెఱుఁగకుండుటను, చేతనున్న పుస్తకములు తప్పులతో నిండియుండుటను అతఁడు దాఁచలేదు.

కాంబెల్ స్మరించిన యా యనుకరణమునకు మూలపురుషుఁడు ఆండ్రూ బెల్. ఇతఁడు 1789లో మద్రాసు ఎగ్మూరునందలి సైనికుల యనాథ బాలుర శరణాలయమునకు బాధ్యత వహించెను. ఒక దేశీయ పాఠశాలలోఁ బిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, తన బడిలో నట్లే చేయింపుమని సహాయకోపాధ్యాయుని గోరఁగా, అది యసాధ్యమని యతఁడు చెప్పెను. అంతట బెల్ ఆ తరగతిని ఎనిమిదేండ్ల ఫ్రిస్కెన్ అను బాలున కప్పగించెను. ఉపాధ్యాయుఁ డసాధ్యమన్నది బాలుఁడు సాధించెను. ఈ వృత్తాంతమును బెల్ 1797లో లండనునఁ బ్రకటించెను. తరువాత జోసెఫ్ లాంకాస్టరు తన బడిలో నిట్టి పద్ధతినే నడపెను.

ఇంగ్లండున నీ పద్ధతి వ్యాపించుటకు ముఖ్యకారణము చౌక. ఒక్క గురువు నుంచి వందలకొలఁది బాలురకుఁ జదువు చెప్పింపవచ్చునని దాతలు సంతోషించిరి. బాలబోధకుఁడు తాను నేర్చిన ముక్కలను వరుసగా నొప్పగించుటయు, తక్కినవారు వానిని మరల ననుటయు నాచారమయ్యెను. ఇసుకయు వచ్చెను, బాలబోధకుఁడును వచ్చెను. సంభాషణము మాత్రము వెనుకఁబడెను. 1846లో నచ్చటి ప్రభుత్వము, వేతనముతో శిక్షణ పొందు శిష్యోపాధ్యాయుల నేర్పఱచినప్పటినుండి పాతపద్ధతి క్రమముగా సన్నగిల్లెను.

ఇట్టి నష్టమే అంతర్జాల చరిత్రమందును గొంతకాలము గానవచ్చుచున్నది. జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బర్నర్స్-లీ 1990లో రచించిన మొదటి బ్రౌజరు చదువుటకును వ్రాయుటకును గూడఁ బనికివచ్చెడిది. 1993లో వెలువడి లోకప్రియమైన మొజాయిక్ చదువుటకే కాని పుటలను దిద్దుటకు వీలు గల్పింపలేదు. పాఠకుఁడు శ్రోతగా మిగిలెను. 1995 మార్చి 25వ తేదీని వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని లోకమునకు విడుదల చేయుటతో, చదువరి చేతికి మరల లేఖిని వచ్చెను. 2001 జనవరిలో వికీపీడియాయు, 2003 డిసెంబరులోఁ దెలుఁగు వికీపీడియాయు బయలుదేఱినవి.

ఇసుకకును వికీకిని గల సామ్యము స్పష్టము. రెంటియందును తప్పు వ్రాయుటకు భయపడ నక్కఱలేదు. ఇసుకను చేతితోఁ జదును చేసినఁ దప్పు మాయమగును. వికీలో నట్లు గాదు. ప్రతి పుటకును మార్పుల చరిత్రము గలదు. ఎవరేది వ్రాసిరో, ఎవరెప్పుడు దిద్దిరో గురువు చూడఁగలఁడు. పాతపాఠమును మరల నిలుపఁగలఁడు. ప్రతి పుటకును జర్చాపుట వేఱుగా నుండును. దిద్దినవాఁడు కారణము చెప్పవలెను. వ్రాసినవాఁ డాధారము చూపవలెను. బెల్ పద్ధతి కోల్పోయిన సంభాషణమున కిచ్చట స్థానము గలదు.

పండితులకు మఱింత సన్నిహితమైన యుదాహరణము వికీసోర్సు. ముద్రితగ్రంథముల పుటల ఛాయలను బ్రక్కనుంచుకొని, వాని పాఠమును అక్షరరూపమునఁ దిద్దుట యిందలి పని. ఒకరు సరిచూచిన పుటను మఱియొకరు సరిచూచి యామోదింపవలెను. తన పనిని తానే యామోదించుకొనుటకు వీలులేదు. తప్పుల పుస్తకములఁ గూర్చి కాంబెల్ చెప్పిన లోపమును విద్యార్థులే తీర్చుట కిది మార్గము. ఒక విద్యార్థి అరసున్నను, శకటరేఫమును మూలముతో సరిపోల్చును. రెండవవాఁడు మొదటివాని దృష్టి తప్పిన దానిని బట్టుకొనును. సందేహము కలిగినచోఁ బద్యముయొక్క యర్థమును, ఛందస్సును విచారింపక తప్పదు. కనుక నిది వల్లెవేఁత కానేరదు.

అయినను బాలబోధకుల చరిత్రము మఱవరానిది. గురువుల సంఖ్యను దగ్గించుటకో, వ్యయమును గుదించుటకో యీ సాధనములను బ్రవేశపెట్టినచో, ఇంగ్లండునఁ గలిగిన ఫలమే యిచ్చటను గలుగును. మార్పుల చరిత్రమును జదివి, ఏ శిష్యుఁడు దేనిని పొరపడెనో గుర్తించి, చర్చను నడపు గురువు కావలెను. వికీ నడపు తరగతియందు గురువునకుఁ బని పెరుగునే కాని తఱుగదు. పాఠశాలాధికారు లీ సాధనములకు వెచ్చించుటకు ముందు, ఆ పనికి గురువునకుఁ దగిన కాలము నేర్పఱచిరో లేదో విచారింపవలసియున్నది.