వేగం సరే.. తీగ తెగితే వచ్చేదెవరు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: ఇంటికి ఇంటర్నెట్ తీసుకునేవారు ముందుగా అడిగేది వేగం, ఆ తర్వాత నెల బిల్లు. పెట్టె కాలిపోతే ఎవరు మారుస్తారు, తీగ తెగితే ఎన్నాళ్లకు వస్తారు అన్నవి డబ్బు కట్టాక గానీ గుర్తుకు రావు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో హైదరాబాద్ నుంచి ఇళ్లకు చేరిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఈ ప్రశ్నల విలువ బాగా తెలిసివచ్చింది. లైను లేని రోజు వారికి జీతం లేని రోజే.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ 'డేటావన్' సేవలు ప్రారంభించే నాటికి 256 కేబీపీఎస్ వేగం ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. 2023లో ఆ కనీస వేగాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. నేటి ప్రకటనల్లో కనిపించే 30 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 30 మెగాబైట్లు కాదు, నాలుగు కంటే తక్కువే. ధరలదీ అదే తీరు. 2020 ఆగస్టు చివర జియో ఫైబర్ ప్రకటించిన రూ.399 పథకానికి 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు రూ.471 అవుతుంది. 'అపరిమితం' అన్న ఆ పథకానికీ నెలకు 3300 జీబీ హద్దు ఉంది. ఒక కుటుంబానికి అది ధారాళమే. చిన్న పథకాలు తీసుకునేవారు మాత్రం హద్దు దాటాక వేగం ఎంతకు పడిపోతుందో అడిగి తెలుసుకోవాలి.

పెట్టె ఎవరిది?

రౌటరు 'ఉచితం' అంటే అది మీ సొంతమైనట్లు కాదు. చాలా పథకాల్లో అది సంస్థ ఆస్తే. కనెక్షన్ మానుకుంటే తిరిగి అప్పగించాలి, లేకుంటే డిపాజిట్ పోతుంది. సొంతంగా కొనుక్కుంటే వారంటీ కాలం తర్వాత భారమంతా కొన్నవారిదే. పిడుగుపాటు, వోల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల కాలిపోతే వారంటీ సాధారణంగా వర్తించదు. వేసవి చివర గాలివానలు కొట్టే మన ప్రాంతంలో కాలేది ఎక్కువగా ఆ కారణాలతోనే. ఉరుములు మొదలవగానే ప్లగ్గు తీయడమే చౌకైన వారంటీ. పెట్టె వెనుక ఉన్న సీరియల్ నంబరు రసీదులో రాయించుకోవాలి.

చిన్న పట్టణాల్లో పేరు పెద్ద సంస్థదే అయినా లైను వేసేది, అతికేది తరచూ స్థానిక కేబుల్ ఆపరేటరే. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కనెక్షన్లు సైతం చాలాచోట్ల ఫ్రాంచైజీల ద్వారానే ఇస్తున్నారు. కాబట్టి కంపెనీని ఎంచుకునే ముందు అదే వీధిలోని ఇద్దరు ముగ్గురు వినియోగదారులను విచారించడం మేలు. రోడ్డు తవ్వితే తీగ తెగుతుంది, స్తంభాల మీదిదైతే కోతులు వదలవు. ఆరు నెలల సొమ్ము ముందే కడితే బిగింపు ఉచితమని ఆశపెడతారు. లైను తీరు తెలిసేవరకు నెలవారీగా కట్టడమే క్షేమం.

ఫిర్యాదు ఇలా..

మరమ్మతులో జాప్యం మూడు పనిదినాలు దాటితే అద్దెలో తగ్గింపు ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే నిర్దేశించింది. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం కనెక్షన్ మూసివేశాక డిపాజిట్‌ను 45 రోజుల్లో వాపసు చేయాలి. ఆపరేటరుకు ఫోనులో చెప్పి ఊరుకుంటే అది ఫిర్యాదు కిందకు రాదు. సంస్థ కేంద్రానికి ఫోన్ చేసి డాకెట్ నంబరు తీసుకోవాలి. పరిష్కారం కాకుంటే అదే సంస్థలోని అప్పిలేట్ అధికారికి అప్పీలు చేయవచ్చు. దానిని 39 రోజుల్లో తేల్చాలి. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915.

టెలికాం వివాదాలు వినియోగదారుల కమిషన్ల పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. నల్గొండలో జిల్లా కమిషన్ ఉంది. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, న్యాయవాది లేకుండానే వాదించుకోవచ్చు. రసీదులు, డాకెట్ నంబర్లు మాత్రం వెంట ఉండాలి.