రిజిస్టరులో పేరు: మన తండాలు, స్వీడన్ రోమాలు

జహీరాబాద్ నుంచి బీదర్ వైపు కొద్ది దూరం పోతే కర్ణాటక వస్తుంది. ఇటు తండాలోనూ అటు తండాలోనూ మాట్లాడేది గోర్ బోలియే. తీజ్ ఒకటే, సేవాలాల్ మహరాజ్ ఒక్కరే. ప్రభుత్వ రికార్డులో మాత్రం మనం ఇక్కడ ఎస్టీ, అక్కడ ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. తెలంగాణ ప్రాంతంలో మనకు ఎస్టీ గుర్తింపు తెచ్చింది 1976 నాటి చట్టం.

అంతకుముందు మన పేరు ఎక్కిన రిజిస్టరు వేరు. మన పెద్దలు లదేణి కట్టి, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దక్కన్ అంతా తిరిగారు. రైలు వచ్చాక ఆ బతుకుదెరువు పోయింది. తిరిగేవాళ్లంటే సర్కారుకు అనుమానం. 1871లో బ్రిటిష్‌వారు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. దాని కింద నమోదైనవాళ్లు పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. అనేక చోట్ల బంజారాలు ఆ జాబితాలోకి ఎక్కారు. నిజాం రాజ్యంలోనూ లంబాడాలకు ఆ ముద్ర తప్పలేదు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది.

ఇలాంటి రిజిస్టరే స్వీడన్‌లోనూ ఉండేది. అక్కడి రోమాల పూర్వీకులు దాదాపు వెయ్యేళ్ల కిందట భారతదేశం నుంచి వెళ్లినవారని వాళ్ల భాషే చెబుతుంది. నీళ్లను వాళ్లూ ‘పాణి’ అంటారు, మన ‘పాంచ్’ వాళ్లకు ‘పాంజ్’. 1914 నుంచి 1954 దాకా స్వీడన్ రోమాలను దేశంలోకి రానివ్వలేదు. స్థిర నివాసం లేదన్న పేరుతో పిల్లలకు చదువు అందనివ్వలేదు. 1932లో పుట్టిన కతరీనా తైకోన్ పెద్దయ్యాకే చదవడం నేర్చుకుంది. తర్వాత పుస్తకాలు రాసి తన జనం హక్కుల కోసం పోరాడింది. 2000లో రోమాలకు జాతీయ మైనారిటీ హోదా అమలులోకి వచ్చింది. అయినా 2013లో అక్కడి పోలీసుల దగ్గర నాలుగు వేలకు పైగా రోమాల పేర్లున్న రహస్య జాబితా బయటపడింది. అందులో చిన్నపిల్లల పేర్లు కూడా ఉన్నాయి.

రోమాలు మన అన్నదమ్ములేనని మన సభల్లో తరచూ వింటాం. 1971లో లండన్ దగ్గర జరిగిన మొదటి ప్రపంచ రోమా మహాసభ జెండా మీద చక్రాన్ని పెట్టుకుంది. అది భారతదేశంతో బంధానికి గుర్తు. అయితే వాళ్లు నేరుగా బంజారాల నుంచే విడిపోయారనడానికి రుజువు లేదు. ఉత్తర భారత భాషల కుటుంబం మాత్రం ఇద్దరిదీ ఒకటే. అంతకన్నా గట్టిగా కలిపేది ఇద్దరూ పడిన అవమానం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇన్నాళ్లూ మన పేరు వేరేవాళ్లు రాశారు. 2018 చట్టంతో ఎన్నో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. ఇక మన చరిత్ర మనమే రాసుకోవాలి. ఈ సెలవుల్లో మీ తండాలో అందరికన్నా పెద్ద యాడి దగ్గర కూర్చుని, ఎక్కడి నుంచి వచ్చారో, ఏం మోశారో అడిగి రాసిపెట్టండి.